పద్దు పుస్తకంలో పిట్టలు

మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊరు. దసరా నాడు పొద్దు వాలుతుండగా ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని జమ్మి చెట్టు వైపు కదిలేది. ఆ దారిలో ఎక్కడో ఒకచోట పాలపిట్ట కనబడాలి, కనబడితేనే ఆ ఏడు కలిసివస్తుందని అందరి నమ్మకం. నాకు ఆరేళ్లప్పుడు బాపు నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెరువు కట్ట దాకా తీసుకువెళ్లాడు. తంతి తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి మెడ లోపలికి లాక్కుని కూర్చుని ఉంటే, అదేనని చూపించాడు. ఇంత హడావిడి చేసి చూడవలసిన పిట్ట ఇదేనా అని నేను చిన్నబుచ్చుకునే లోపల, అది తీగ వదిలి గడ్డిలోకి దూకి, ఏ పురుగునో నోట కరుచుకుని మళ్లీ పైకి లేచింది. విప్పిన రెక్కల్లో లేత నీలం, ముదురు నీలం పట్టెలు పట్టెలుగా మెరిశాయి. బాపు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, నా కాళ్లు పట్టుకోవడం మరిచిపోయి. పడబోయి ఆయన జుట్టు పట్టుకున్నాను. తరువాతి ఏళ్లలో నేను చూసిన పిట్టలన్నిటికీ అది మొదటి పద్దు, అయితే పుస్తకంలో రాయని పద్దు.

పుస్తకం సంగతి చెప్పాలి. 1979లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆడిటరుగా చేరాను. ఏడాదిలో ఏడెనిమిది నెలలు క్యాంపులే: ఇవాళ రాజ్‌కోట్, వచ్చే నెల తిరునల్వేలి, ఆపైన కటక్. పగలంతా వోచర్లకు ఆకుపచ్చ సిరాతో టిక్కులు పెట్టడం, సాయంత్రం గెస్ట్ హౌస్ వరండాలో దోమలు కొట్టుకోవడం. మా ఆడిట్ పార్టీలో మిగతా ముగ్గురూ పేకాటలో దిట్టలు. నాకు పేక అబ్బలేదు. అందుచేత తెల్లవారుజామునా సాయంత్రమూ ఊరి చివరికి నడిచే అలవాటు పడింది. నడిచేవాడికి ముందుగా కనబడేవి పిట్టలే. 1986లో ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ రాసిన పిట్టల పుస్తకం పాత ప్రతి ఒకటి దొరికింది, అట్ట ఊడిపోయి, ఎవరి కాఫీ మరకో మధ్య పేజీలకు అంటుకుని. అదే నెలలో ఒక బైనాక్యులర్ కూడా కొన్నాను. దాని ఎడమ కన్ను కొంచెం మసక. నేను కుడి కన్నుతోనే ఎక్కువ చూశాను.

ఆ సాలిం అలీయే 1931, 32 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వం తరఫున హైదరాబాదు సంస్థానంలోని పక్షులను సర్వే చేశాడని తరువాత తెలిసి, మా చెరువు మీదుగా కూడా నడిచి ఉంటాడేమోనని కొన్నాళ్లు ఊహించుకున్నాను. అయితే ఆయన పుస్తకం పట్టుకుని బయలుదేరిన మొదటి రోజుల్లోనే నాకు ఒక చిక్కు ఎదురైంది. బొమ్మ చూసి ఇంగ్లీషు పేరు కనుక్కోగలిగేవాణ్ణి. కాని ఆ పేరుతో పిలిస్తే పిట్ట పరాయిదయిపోయేది. చిన్నప్పుడు బర్రెల వెంట తిరిగినప్పుడు బర్రె వీపు మీద కూర్చుని మిడతలు పట్టే చీలుతోక నల్లపిట్టను మా పసులకాపరి 'పసుల పోలిగాడు' అనేవాడు. పుస్తకంలో అది డ్రాంగో. డ్రాంగో అనగానే ఆ బర్రే, ఆ దుమ్మూ, ఆ కాపరీ మాయమయ్యేవారు.

కాబట్టి ఆఫీసులో పారేసిన పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి తెచ్చుకుని మూడు కాలమ్‌లు గీసుకున్నాను. మొదటిది పుస్తకంలోని పేరు. రెండవది ఆ చోట జనం పిలిచే పేరు. మూడవది ఆ పేరు చెప్పిన మనిషి. ఆడిటర్ బుద్ధి ఎక్కడికి పోతుంది, ప్రతి పద్దుకూ ఒక సాక్షి ఉండాలి కదా. మొదట్లో ఇది తమాషాగానే మొదలైంది. పోనుపోనూ మొదటి కాలమ్ నింపడం మీద ఆసక్తి తగ్గి, రెండవ కాలమ్ కోసమే నడవడం మొదలుపెట్టాను. కొత్త పిట్ట ఒక్కటీ కనబడకపోయినా పాత పిట్టకు కొత్త పేరు దొరికితే ఆ రోజు గిట్టుబాటయినట్టే. పిట్టలు చూసే మిత్రులు కొందరు దీన్ని పక్షి వీక్షణమే కాదన్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు.

ఆ పోలిగాడే ఉత్తరాదికి వెళ్లేసరికి 'కొత్వాల్' అయ్యాడు. తన గూడు ఉన్న చెట్టు దరిదాపులకు కాకి వచ్చినా గద్ద వచ్చినా తరిమి తరిమి కొట్టే పిట్ట కనుక, దాని నీడన చిన్న పిట్టలు కూడా నిశ్చింతగా గూళ్లు కట్టుకుంటాయి కనుక, అక్కడివాళ్లు దానికి పోలీసు ఉద్యోగం ఇచ్చారు. మనవాళ్లు దాన్ని బర్రె మీద చూశారు, వాళ్లు గూటి దగ్గర చూశారు. తమిళులు రెండుగా చీలిన తోకను చూసి 'రెట్టైవాల్ కురువి' అన్నారు. పిట్ట ఒకటే, చూసిన వేళలు మూడు.

ఈ కొత్వాలు వల్ల ఒకసారి నాకు నిజమైన కొత్వాలుతో పని పడింది. ఊరి పేరు చెప్పను. ఉత్తరాదిన ఒక పెద్ద వంతెన దగ్గర తెల్లవారుజామున బైనాక్యులర్‌తో నిలబడి ఉండగా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి ఔట్‌పోస్టుకు పట్టుకుపోయారు. ఆ రోజుల్లో వంతెనల దగ్గర దుర్భిణి పట్టుకున్నవాడంటే గూఢచారే. గుర్తింపు కార్డు చూపించినా అక్కడి హవల్దారుకు అనుమానం తీరలేదు. సంచిలోంచి పద్దు పుస్తకం తీసి, ఈ జిలేబీ చుట్టల లిపి ఏమిటి, మూడు గీతల వెనక ఏం దాచావు, చదివి అర్థం చెప్పమన్నాడు. చివరి పేజీ తెరిచి నిజాయితీగా చదివాను: "కొత్వాల్, ఒకటి, బర్రె మీద." గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత మూలన టీ తాగుతున్న ముసలి కానిస్టేబుల్ పగలబడి నవ్వి, అది పిట్ట పేరే సాబ్ అని హవల్దారుకు నచ్చజెప్పాడు. ఆ మనిషి లేకపోతే నా టి.ఏ. బిల్లులో రెండు రోజుల లెక్క ఎలా చూపించేవాడినో. ఆయన పేరు మూడవ కాలమ్‌లో రాసుకున్నాను, వేరే ఏ పిట్ట పేరూ చెప్పకపోయినా.

అన్నిటికంటే ఎక్కువ గడులు ఆక్రమించుకున్నది మాత్రం తీతువు. మా నాయనమ్మకు ఆ పిట్ట అంటే హడల్. రాత్రిపూట ఇంటి మీదుగా తీతువు అరుస్తూ పోతే లేచి కూర్చుని, వాకిట్లో ఉమ్మి, ఎవరి ప్రాణం మీదికొచ్చిందోనని పొద్దున దాకా నిద్రపోయేది కాదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు రాజ్‌కోట్ క్యాంపులో, మే నెల చివర, ఒక వేరుసెనగ రైతు నన్ను పొలం గట్టు మీదికి తీసుకుపోయి, రాళ్ల మధ్య రాళ్లలాగే ఉన్న నాలుగు మచ్చల గుడ్లు చూపించాడు. ఎంత దగ్గరికి వంగినా ముందు నాకు కనబడలేదు. ఆయన వేలు చాపి, ఒకటి, రెండు అని లెక్కపెట్టిన తరువాతనే గుడ్లు రాళ్ల నుంచి విడిపడ్డాయి. తల మీద రెండు పిట్టలు గిరికీలు కొడుతూ గోల చేస్తున్నాయి. వాటి కళ్ల ముందు ఎర్రటి తోలు మడతలు, పసుపు కాళ్లు, అదే కేక: నాయనమ్మ తీతువే. రైతు మొహం మాత్రం వెలిగిపోతోంది. 'టిటోడీ' మెరక మీద గుడ్లు పెట్టిందంటే ఆ ఏడు వానలు దండిగా పడతాయట, పల్లంలో పెడితే అనుమానమేనట. మా ఇంట్లో చావు కబురు మోసుకొచ్చే పిట్ట అక్కడ వాన కబురు చెబుతోంది.

హిందీవాళ్ల టిటహరీ, గుజరాతీల టిటోడీ, మన తీతువు, అన్నీ దాని అరుపులోంచే పుట్టాయి. పంచతంత్రంలో సముద్రం గుడ్లు ఎత్తుకుపోతే గరుత్మంతుడి దాకా వెళ్లి ఫిర్యాదు చేసి సాధించుకున్న టిట్టిభం కూడా ఇదేనని ఆ పొలం గట్టు మీద నిలబడి ఉండగా తట్టింది. ఆకాశం విరిగి పడితే ఆపడానికి కాళ్లు పైకి చాపి పడుకుంటుందని ఎగతాళి చేయించుకున్నదీ అదే. తమిళులు మాత్రం అరుపు సంగతి వదిలేసి 'ఆళ్‌కాట్టి' అన్నారు, అంటే మనిషిని పట్టిచ్చేది. పొదలో దాక్కున్నవాడి మీద అది చేసే గోల విన్నవాడికి ఆ పేరు వివరించనక్కరలేదు. ఆ రాత్రి నాయనమ్మకు కార్డు రాశాను, తీతువు గుజరాతులో వానలు కురిపిస్తుందని. చదివించుకుని, 'అక్కడ కురిపిస్తే కురిపించనీ, ఇక్కడ మాత్రం అరవొద్దని చెప్పు' అని జవాబు రాయించింది.

తిరునల్వేలి క్యాంపు 1989 డిసెంబరులో పడింది. అక్కడికి దగ్గరలోనే కూందన్‌కుళం అనే ఊరు ఉంది. ఇళ్ల మధ్య చెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటే జనం వాటి రెట్టను భరిస్తూ, కింద పడ్డ పిల్లలను సాకుతూ, అదే రెట్ట కలిసిన చెరువు నీళ్లను పొలాలకు పారించుకుంటారు. ఆ ఊరు చూద్దామనే బయలుదేరాను, చూశాను కూడా. కాని ఆ క్యాంపులో నా మనసులో నిలిచిపోయింది మేము దిగిన గెస్ట్ హౌస్ పెరడు. వంట చేసే పాట్టి సాయంత్రం గడియారం వంక చూడకుండానే కాఫీ పెట్టేది. ఎలా తెలుస్తుందని అడిగితే పెరటి వైపు చెయ్యి చూపించింది. చింత చెట్టు కింద ఎండుటాకుల్లో ఎవరో రెండు ముక్కలుగా ఈల వేసినట్టు వినిపించింది. 'ఆరుమణి కురువి, తంబీ' అంది, అంటే ఆరుగంటల పిట్ట. తెల్లవారుజామున ఆరింటికి ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి కూస్తుందట.

మూడు రోజులు కాఫీ గ్లాసుతో అక్కడే కూర్చున్నాను. మొదటి రెండు రోజులూ ఈల తప్ప పిట్ట కనబడలేదు. మూడవ రోజు ఆకులు కదిలాయి. తోక ఉందా లేదా అన్నంత పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, రెక్క మీద మెరిసే నీలం, కంటి మీదుగా నల్లటి పట్టీ, గోధుమరంగు రొమ్ము, తోక కింద కుంకుమ అద్దినట్టు ఎరుపు. ఆకులను ముక్కుతో తిరగేసి, రెండు గెంతులు గెంతి, ఆగి, మళ్లీ తిరగేసింది. అంత రంగుల పిట్ట నేల మీద కోడిపిల్లలా తిరగడం నాకు వింతగా తోచింది. వేసవి చివర హిమాలయాల దిగువన, మధ్య భారతపు అడవుల్లో గూడు కట్టుకుని, చలికాలానికి దక్షిణాదికీ సింహళానికీ దిగి వస్తుంది. రాత్రి ప్రయాణంలో అలసిపోయి ఇళ్ల వరండాల్లో పడిపోతుండటమూ మామూలే. హిందీలో నవరంగ్. సాలిం అలీ పుస్తకం తెరిస్తే దాని ఇంగ్లీషు పేరు 'పిట్టా'.

నాకు మొదట అది అచ్చుతప్పేమో అనిపించింది. కాదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ పక్షుల ప్రజాతికి పెట్టిన పేరు అది, మన తెలుగు 'పిట్ట' నుంచి తీసుకున్నది. ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఉన్న నలభైకి పైగా జాతుల పక్షులను ప్రపంచమంతా ఈ మాటతోనే పిలుస్తుంది. తెలుగువాడిని పట్టుకుని ఎవరో ఇదేమిటని అడిగి ఉంటారు. అతడు మామూలుగా చెప్పవలసిన జవాబే చెప్పి ఉంటాడు. ఆ మూడవ కాలమ్‌లో ఆ మనిషి పేరు మాత్రం ఎవరూ రాసుకోలేదు. హైదరాబాదులోని పక్షి వీక్షకుల సంఘం తన పత్రికకు 'పిట్ట' అనే పేరు పెట్టుకున్నదని తెలిసినప్పుడు వాళ్లకు నా లెక్కలో ఒక ఆకుపచ్చ టిక్కు పెట్టాను. నెల్లూరులో సర్జనుగా పనిచేసిన జెర్డన్ కూడా 19వ శతాబ్దంలోనే తన పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు వరసగా ఇచ్చాడు. రెండవ కాలమ్ నింపే పిచ్చి నాకంటే ముందు ఒక దొరకు ఉండేదని తెలిసి కొంత నిమ్మళించాను.

ఒడిశాలోని చిలికా సరస్సుకు వెళ్లింది 1998 జనవరిలో, బరంపురం పని ముగించుకుని. రంభ రేవులో పడవ మాట్లాడుకుంటుంటే పడవవాడు ఒడియాలో బేరం చేసి, నేను నాలో నేను తెలుగులో గొణుక్కోవడం విని, 'మనోరేనా బాబూ' అన్నాడు. ఆ తీరం పొడుగునా తెలుగు మాట్లాడే బెస్తవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో శ్రీకాకుళం తీపి, ఒడియా వంపు కలిసి వినిపిస్తాయి. నీళ్ల మీద మంచు విడుతుండగా నారింజపండు రంగులో, తల ఒక్కటే వెలిసినట్టున్న జంట బాతులు దూరంగా ఇసుకతిన్నె మీద కనబడ్డాయి. ఒకటి పిలుస్తోంది, రెండవది జవాబిస్తోంది. పేరేమిటని అడిగితే 'చకువా' అన్నాడు. చకువా అంటే చక్రవాకం, చక్రవాకం అంటే జక్కవ. పదవ తరగతి నుంచి ప్రబంధాల్లో జక్కవల జంటను చదివి, ఎవరి చెక్కిళ్లనో ఎవరి రొమ్మునో పోల్చడానికి కవులు పెట్టుకున్న మాట అనే తప్ప, ముక్కూ కాళ్లూ ఉండి, బురదలో నడిచి, లడఖ్ నుంచీ టిబెట్ నుంచీ ఎగిరి వచ్చే పక్షి అనే ఆలోచనే రాలేదు నాకు. రాత్రి అయితే ఒడ్డుకొకటిగా విడిపోయి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయని కవులు చెప్పిన మాట పడవవాడికీ తెలుసు. 'రాత్తిరంతా ఒకటే గోల బాబూ, వల కాడ నిద్దర పట్టనివ్వవు' అన్నాడు. విరహం గురించి అంతకంటే సూటిగా నేను ఎక్కడా వినలేదు.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల అభయారణ్యానికి మాత్రం ఆలస్యంగా వెళ్లాను. ప్రతి ఏడూ అనుకోవడం, ఢిల్లీ క్యాంపు వాయిదా పడటం, చివరకు 2003 జనవరిలో గాని కుదరలేదు. నేను వెళ్లింది సైబీరియా కొంగల కోసం. పుస్తకంలో ఎర్రటి మొహంతో, తెల్లటి ఒంటితో ఉన్న ఆ బొమ్మను పదిహేనేళ్లుగా చూస్తున్నాను. 1960ల్లో రెండు వందల దాకా వచ్చిన కొంగలు, 1990ల నాటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలి, 2001–02 చలికాలంలో ఒకే ఒక జంటగా వచ్చాయి. ఓబ్ నది ప్రాంతం నుంచి కజకిస్తాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా వచ్చే దారిలో వేటగాళ్ల చేతిలో ఎన్ని పోయాయో లెక్క లేదు. నేను గేటు దగ్గర రిక్షా ఎక్కే నాటికి ఆ జంట రావలసిన సమయం దాటిపోయింది. రిక్షా తొక్కే సర్దార్జీ నెమ్మదిగా చెప్పాడు, పోయిన ఏడు వచ్చి ఉంటే చూసేవారు సాబ్ అని. ఆ మాటకు ఏం జవాబు చెప్పాలో తెలియక ఆయనకు బీడీ ఇవ్వబోయాను. ఆయన బీడీ తాగడని తలపాగా చూసైనా నాకు తెలిసి ఉండాలి.

ఆ ఏడు వానలు లేక సరస్సులోనూ నీళ్లు తక్కువే. ఉన్న కాస్త నీళ్ల దగ్గర ఆయన నాకు 'జాంఘిల్'ను చూపించాడు, అంటే మన ఎర్రకాళ్ల కొంగ. ముక్కు మధ్య సందున్న కొంగను చూపించి 'ఘోంఘిల్' అన్నాడు. ఘోంఘా అంటే నత్త. మనవాళ్లూ దాన్ని నత్తలతోనే ముడిపెట్టారు. కేవలాదేవ్ గుడి దగ్గర రాతి పలకల మీద మహారాజుల కాలపు వేట లెక్కలు చెక్కి ఉన్నాయి. తేదీ, అతిథి పేరు, తుపాకుల సంఖ్య, కూల్చిన పక్షుల సంఖ్య. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన రోజు లెక్క 4,273. ఉద్యోగ జీవితమంతా అంకెల మధ్య గడిపినవాణ్ణి, అలవాటు కొద్దీ కూడికలు చేస్తూ నిలబడ్డాను. సర్దార్జీ ఓపికగా నిలబడి, ఇక్కడ కొంగల పేర్లు ఒక్కటీ లేవు సాబ్, వచ్చిన దొరల పేర్లే అన్నాడు. తిరుగు దారిలో సారస్ కొంగల జంట ఒకటి ఎండిన గడ్డిలో మెడలెత్తి ఒక్కసారిగా కూసింది. సైబీరియా కొంగ గడిలో ఆ రోజు నేను ఏమీ రాయలేదు. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది.

ఇక రోళ్లపాడు. కర్నూలు క్యాంపులో ఉండగా 1991 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున నందికొట్కూరు నుంచి జీపులో వెళ్లాను. బట్టమేక పిట్టల కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యం అది. అడవి అనుకుంటే చెట్టు ఉండదు. కనుచూపు మేర గడ్డి, మధ్యలో కృష్ణజింకలు, పక్కన కొర్రచేలు. గొర్రెల కాపరి ఒకాయన తోడు వచ్చాడు. చాలాసేపటికి దూరాన గడ్డిలో ఏదో ధీమాగా నడుస్తోంది. 'దూరం నుంచి సూస్తే మేక మాదిరే ఉంటాది సార్, దగ్గరికి పోతే తెలుస్తాది' అన్నాడు. అది మెడ కింద తెల్లటి సంచి ఒకటి నేల దాకా ఊదుకుని, తోక వీపు మీదికి మడిచి, తిరునాళ్లలో కొత్త పంచె కట్టుకున్న మోతుబరిలా అడుగు తీసి అడుగు వేసింది. కాసేపటికి ఎక్కడో కుండలో ఊదినట్టు ఒక బరువైన మూలుగు. మగపిట్ట ఆడపిట్టను పిలుస్తోందని కాపరి చెప్పాడు. చెప్పడంతో ఆగక, భుజం మీది కంబళి మెడకు చుట్టుకుని, గడ్డం ఎత్తి, మోకాళ్లు మడవకుండా నడిచి చూపించాడు. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ రోజు మూడు పిట్టలు చూశాను. మూడూ మళ్లీ చూస్తాననే ధైర్యంతో బైనాక్యులర్ దించేసి, ఎండ ఎక్కకముందే జీపు ఎక్కాను. ఆ తొందర నాకు ఇప్పటికీ కంట్లో నలుసులా ఉంది.

మహారాష్ట్రలో మాళ్‌ఢోక్, రాజస్థాన్‌లో గోడావణ్, ఆ పేర్లు కూడా తరువాతి క్యాంపుల్లో దొరికాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పిట్ట. మెట్ట చేలు తడి చేలు అయినకొద్దీ దానికి నిలువ చోటు లేకపోయింది. ఎదురుగా ఉన్న కరెంటు తీగలను చూడలేక తగులుకుని చచ్చేవి కొన్ని. స్వేచ్ఛగా తిరిగేవి దేశం మొత్తం మీద ఇప్పుడు నూటయాభై దాకానే మిగిలాయి, వాటిలో ఎక్కువ జైసల్మేరు వైపు.

ఉద్యోగ విరమణ తరువాత, 2017లో, కర్నూలులో ఒక పెళ్లికి వెళ్లి మళ్లీ రోళ్లపాడు బస్సు దిగాను. జింకలు ఉన్నాయి, కౌజుపిట్టలు ఉన్నాయి, కంచె మీద ఒక పోలిగాడు ఉన్నాడు. బోర్డు మీద బట్టమేక బొమ్మ ఎండకు వెలిసిపోయింది. దగ్గరలో గొర్రెలు తోలుకుపోతున్న ఇరవై ఏళ్ల కుర్రవాణ్ణి అడిగితే, బొమ్మలో ఉన్నదేనా సార్, మా తాత చూసినాడంట, నేను చూడలేదు అన్నాడు. పేరు తెలుసు, పిట్ట తెలియదు. ఎంత ఎత్తు ఉంటాదని అడిగాడు. నా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. ఎట్లా నడుస్తాదని అడిగాడు.

పెళ్లిలో పెట్టిన కండువా భుజం మీద ఉంది. దాన్ని మెడకు చుట్టుకుని, గడ్డం ఎత్తి, మోకాళ్లు మడవకుండా బస్టాపు నుంచి బోర్డు దాకా నడిచాను. మోకాళ్లు ఎటూ మడవని వయసే. కుర్రవాడు కర్ర మీద ఆనుకుని నవ్వి, జేబులోంచి సెల్‌ఫోన్ తీసి, తాతకు చూపిస్తాను సార్, ఇంకొక తూరి నడవండి అన్నాడు.